గెలిస్తే మనం, ఓడితే వాళ్లు

2025 జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో పంజాబ్ కింగ్స్‌ను 6 పరుగుల తేడాతో ఓడించి రాయల్ చాలెంజర్స్ బెంగళూరు తొలిసారి ఐపీఎల్ కప్పు అందుకుంది. అంతకుముందు పదిహేడు సీజన్లు ఆ జట్టు వట్టి చేతులతోనే ఇంటికొచ్చింది. ఇలాంటి గెలుపు మర్నాడు ఏ ఊళ్లోనైనా టీ కొట్ల దగ్గర ఒక ఎత్తిపొడుపు పుడుతుంది. కర్నూలు పడమటి పల్లెల్లో అయితే అది ఇలా ఉంటుంది: “ఏమప్పా, మొన్నటిదాంక హైదరాబాదంటివి, ఈ పొద్దు బెంగళూరంటాండావే?”

ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఈ మాటకు పదును ఎక్కువ. చిరునామా చూపించి ‘ఇది మా జట్టు’ అనుకునే వీలు ఇక్కడివాళ్లకు లేదు. ఆంధ్రప్రదేశ్‌కు ఐపీఎల్‌లో సొంత జట్టు లేదు. హైదరాబాద్ 2014 నుంచి పొరుగు రాష్ట్రానిది. బెంగళూరు ఎప్పుడూ పొరుగు రాష్ట్రానిదే. అయితే ఆ పొరుగు మరీ దగ్గరి పొరుగు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. నేటికీ ఊళ్లో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. సుగ్గికి, అంటే కోతల పనికి, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలు ఉన్నట్టే, కూలికి బెంగళూరు పోయేవాళ్లు, హైదరాబాద్ పోయేవాళ్లు ఉన్నారు. ఏ నగరం కూడు పెట్టిందో ఆ నగరం జట్టు కూడా వాళ్లతో పాటు ఇంటికొస్తే ఆశ్చర్యమేముంది?

ఈ లాగులాట పాతదే. నిజాం వంశీకుల ఏలుబడిలో ఉన్న ఆదోని కోటను 1786లో మైసూరు నుంచి దండెత్తి వచ్చిన టిప్పు సుల్తాన్ ముట్టడించి పట్టుకున్నాడు. ఐపీఎల్‌లో పోరు తలకిందులైంది. హైదరాబాద్‌కు దక్కిన రెండు కప్పులూ బెంగళూరును ఓడించి తెచ్చుకున్నవే. 2009లో జొహానెస్‌బర్గ్‌లో డెక్కన్ చార్జర్స్ 6 పరుగులతో గెలిస్తే, 2016లో బెంగళూరు సొంత మైదానంలోనే సన్‌రైజర్స్ 8 పరుగులతో గెలిచింది.

ఊరి పేరు జట్టును నిర్ణయించని చోట నిజమైన అభిమాని ఎవరు, గాలివాటం అభిమాని ఎవరు? యాభై ఏళ్లుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడాను కొలుస్తూనే ఉన్నారు. వాళ్ల ఫలితాలను వరసగా పేర్చి చూస్తే టీ కొట్టు తీర్పు అంత తేలిగ్గా నిలబడదు. ఇద్దరూ చాలావరకు ఒకే వాకిట్లోంచి లోపలికొచ్చినవాళ్లే. తేడా తెలిసేది ఎవరు ఎప్పుడు బయటికి నడుస్తారన్న దగ్గరే.

సోమవారం చొక్కాలు

అమెరికాలో విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం జరుగుతాయి. 1973 సీజన్‌లో రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఏడు విశ్వవిద్యాలయాల్లో ప్రతి సోమవారం ఒక పని చేశారు. తరగతికి వచ్చిన విద్యార్థుల్లో ఎంతమంది తమ విశ్వవిద్యాలయం పేరు గానీ గుర్తు గానీ ఉన్న బట్టలు వేసుకొచ్చారో గుట్టుగా లెక్కపెట్టారు. జట్టు గెలిచిన వారం ఆ బట్టలు పెరిగాయి. గెలవని వారం తగ్గాయి. మైదానంలోకి దిగి బంతి తాకిన విద్యార్థి ఆ తరగతుల్లో ఒకడున్నా ఎక్కువే.

రెండో దశలో ఫోన్లు చేశారు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ముందు కొన్ని ప్రశ్నలు వేసి, కొందరికి ‘బాగా చెప్పావు’ అని, కొందరికి ‘సరిగా చెప్పలేదు’ అని చెప్పారు. ఆ ఫలితం నిజమైనది కాదు, ముందే అనుకున్నది. తర్వాత తమ జట్టు ఆడిన ఒక మ్యాచ్‌ను వర్ణించమన్నారు. గెలిచిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు ‘మేం గెలిచాం’ అన్నవాళ్లు ఎక్కువ. గెలవని మ్యాచ్ వచ్చేసరికి ‘వాళ్లు’ అనే మాట దూరింది. ఈ ఊగిసలాట ఎక్కువగా కనిపించింది అంతకుముందే ‘సరిగా చెప్పలేదు’ అనిపించుకున్నవాళ్లలో. తన విలువ తగ్గిందనిపించిన మనిషి గెలిచినవాడి పక్కకు మరింత వేగంగా జరుగుతాడన్నమాట. 1976లో అచ్చయిన ఈ పరిశోధన అభిమానుల మనస్తత్వం మీద ఈనాటికీ మొదట చెప్పుకునేది. దాని సారాన్ని మన మాటల్లో చెప్పాలంటే, ఎవరో వేసిన నెగడు దగ్గర మనం చలి కాచుకోవడం.

ఇందులో తప్పేమీ లేదు. ఆదోనిలో పుట్టిన ఎడమచేతి వాటం పేస్ బౌలర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై భారత్ తరఫున తొలి టీ20 ఆడారు. 2023లో మొదటి మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో యూపీ వారియర్స్ ఆమెను 55 లక్షల రూపాయలకు తీసుకుంది. పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరి నుంచి అంత దూరం వెళ్లిన అమ్మాయిని ‘మా ఆదోని పిల్ల’ అని చెప్పుకోవడానికి ఆ బంతులు ఎవరూ వేసి ఉండక్కర్లేదు. ఒకే ఊరివాళ్లమన్న సన్నని దారం చాలు. చాల్దీని చెప్పిందీ అదే. గొప్పతనంలో వాటా అడగడానికి మన మనసుకు అందులో మన చెయ్యి ఉండాల్సిన పని లేదు, ఏదో ఒక సంబంధం కనబడితే సరిపోతుంది.

పక్క చేను చూసి

గెలిచేవాడి వైపు జరగడానికి ఇంకో కారణం తెలివికి సంబంధించినది. అభిజిత్ బెనర్జీ 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. దానికి చాలా ముందు, 1992లో, మంద ప్రవర్తన గురించి ఆయన ఒక సరళమైన గణిత నమూనా రాశారు. పక్కపక్కనే రెండు హోటళ్లున్నాయి. ఏది మంచిదో మీకు సగం సగం తెలుసు. ముందు వచ్చినవాళ్లు ఒక దాంట్లోకి వెళ్లడం చూశారు. వాళ్లకేదో తెలిసి ఉంటుందనుకుని మీకు తెలిసింది పక్కన పెట్టి మీరూ దాంట్లోకే వెళ్తారు. మీ వెనక వచ్చినవాడు మిమ్మల్ని కూడా లెక్కలో కలుపుకుంటాడు. ప్రతి ఒక్కరూ తెలివిగానే ఆలోచిస్తారు, అయినా చివరికి అందరూ నాసిరకం హోటల్లో కూర్చోవచ్చు.

దీనికి తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. అమెరికన్ మానవ శాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా పత్తి రైతులు విత్తనం ఎలా ఎంచుకుంటారో ఏళ్ల తరబడి గమనించి 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. కొన్ని గ్రామాల్లో ఒక ఏడాది దాదాపు అందరూ ఒకే కంపెనీ రకం కొన్నారు. ఒకటి రెండేళ్లకే దాన్ని వదిలి మరో రకం మీద పడ్డారు. ఎందుకని అడిగితే చేనులో పోల్చి చూసిన ఆధారం చెప్పగలిగినవాళ్లు తక్కువ, పక్కవాళ్లు వేశారు కాబట్టి వేసినవాళ్లు ఎక్కువ. అంగట్లోకి ఏటా కొత్త పేర్లు వచ్చిపడుతుంటే సొంతంగా పరీక్షించి తెలుసుకునే వ్యవధి రైతుకు ఉండదని స్టోన్ వివరించారు. ఆదోని చుట్టుపక్కల పత్తి పండించేవాళ్లకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

మన ఎంపికల్లో గాలి వాటా ఎంతో 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు చూపించారు. 14 వేల మందికి పైగా జనానికి ఇంటర్నెట్‌లో ఎవరూ ఎరగని బృందాల 48 పాటలు వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావాళ్లను ఎనిమిది వేర్వేరు ‘లోకాలు’గా విడదీసి, తమ లోకంలో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో చూపించారు. మరీ మంచి పాట అడుగుకు పోవడం, మరీ చెత్త పాట పైకి రావడం అరుదే. మధ్యలో ఉన్న పాటల తలరాత మాత్రం లోకానికో రకంగా మారిపోయింది. మొదట్లో కాకతాళీయంగా దొరికిన కాస్త ఆదరణే కొన్నిటిని అందలం ఎక్కించింది. జట్టు చొక్కాల అమ్మకం, రీల్స్, పండగపూట కట్టే ఫ్లెక్సీలు కూడా ఇలాంటి అంకెల పలకలే. ఎటు జనం ఉన్నారో చూపించి ఇంకా జనాన్ని పిలుస్తాయి.

ఎనిమిదేళ్ల పిల్లవాడు

పదేళ్లుగా ఒకే జట్టును పట్టుకుని ఉన్న గట్టి అభిమాని ఇదంతా విని నవ్వుకోవచ్చు. ఆయన జట్టును ఎప్పుడు ఎంచుకున్నాడో కూడా అడగాలి. అమెరికాలో సేథ్ స్టీఫెన్స్ డేవిడోవిట్జ్ అనే పరిశోధకుడు ఫేస్‌బుక్ సమాచారంతో బేస్‌బాల్ అభిమానుల వయసులు, వాళ్ల జట్ల విజయాలు పోల్చి చూసి 2014లో ఒక విశ్లేషణ రాశారు. మగవాళ్లలో జట్టు మీద జీవితకాలపు అభిమానానికి అన్నిటికంటే గట్టి పునాది, తమకు ఎనిమిదేళ్ల వయసప్పుడు ఆ జట్టు గెలిచిన టైటిల్ అని అందులో తేలింది. ఇరవై ఏళ్లు దాటాక వచ్చిన విజయాల పట్టు చాలా తక్కువ.

అది అమెరికా లెక్క, మన దగ్గర అలాంటి లెక్క నాకు కనబడలేదు. అయినా ఆలోచించదగ్గది. 2009లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ కప్పు ఎత్తినప్పుడు ఎనిమిదేళ్లున్నవాడికి ఇప్పుడు పాతికేళ్లు వచ్చి ఉంటాయి. తాను కష్టకాలంలో నిలబడ్డానని అతను నమ్మకంగా చెప్పవచ్చు, అది నిజమే కావచ్చు. అతన్ని లోపలికి తెచ్చింది మాత్రం ఒక గెలుపే. నిలకడైన అభిమానుల్లో చాలామంది చిన్నప్పుడు గాలివాటంగా వచ్చి, ఆ సంగతి మర్చిపోయినవాళ్లే అనుకోవడానికి ఇది ఒక ఆధారం.

ఓడిన రోజు

లోపలికి రావడం అందరికీ ఒకటే అయితే, తేడా ఓటమి దగ్గర మొదలవుతుంది. 1986లో సి. ఆర్. స్నైడర్ బృందం విద్యార్థులను చిన్న చిన్న జట్లుగా చేసి ఒక పని ఇచ్చింది. కొన్ని జట్లకు గెలిచారని, కొన్నిటికి ఓడారని చెప్పింది. తర్వాత జట్టు బ్యాడ్జీలు కావాలంటే తీసుకోమంది. ఓడారని విన్నవాళ్లలో బ్యాడ్జీ తీసుకున్నవాళ్లు బాగా తగ్గిపోయారు. పరిచయమై గంటైనా కాని జట్టు నుంచి కూడా ఓటమి మనిషిని పక్కకు నెడుతుందని ఆ ప్రయోగం చెప్పింది.

దేశం మొత్తం ఈ ప్రయోగంలో పాల్గొన్న ఏడాది 2007. మార్చిలో వెస్టిండీస్ గడ్డ మీద జరిగిన ప్రపంచ కప్పులో భారత్ బంగ్లాదేశ్ చేతిలో, తర్వాత శ్రీలంక చేతిలో ఓడి గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద జనం దాడి చేశారు. ఆటగాళ్ల దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరు 24న జొహానెస్‌బర్గ్‌లో పాకిస్తాన్‌ను ఓడించి అదే ధోనీ నాయకత్వంలో భారత్ తొలి టీ20 ప్రపంచ కప్పు గెలిచింది. ముంబైలో జట్టును ఎక్కించుకున్న బస్సు జనసముద్రంలో గంటల కొద్దీ కదలలేక కదిలింది. ఆరు నెలల్లో మారింది ఆటగాడి స్వభావం కాదు, చూసేవాళ్ల సర్వనామం.

అందరూ అలా మారలేదు. ఎవరు మారరో 1990లో డేనియల్ వాన్, నైలా బ్రాన్స్‌కూంబ్ చూపించారు. తానెవరో చెప్పుకునేటప్పుడు జట్టు కూడా ఆ జవాబులో భాగమైనవాడు గెలుపులో ఎక్కువ పొంగుతాడు, ఓటమిలో తక్కువ జారుకుంటాడు. జట్టు కేవలం సరదా అయినవాడు గెలుపులో కాస్త పొంగి, ఓటమిలో చల్లగా తప్పుకుంటాడు. మొదటివాడు మంచివాడని, రెండోవాడు చెడ్డవాడని వాళ్లు అనలేదు. మొదటివాడికి వెళ్లిపోవడం ఖరీదైన పని, అంతే. జట్టును వదిలితే తనలో ఒక ముక్కను వదలాలి.

ఆ ఖరీదు ఒంట్లో కూడా కనిపిస్తుంది. 1994 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఫైనల్‌లో బ్రెజిల్ పెనాల్టీలతో ఇటలీని ఓడించిన రోజు అట్లాంటాలో టీవీ ముందు కూర్చున్న ఇరు దేశాల అభిమానుల లాలాజలాన్ని పరీక్షించారు. మ్యాచ్ తర్వాత బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టిరాన్ సుమారు 28 శాతం పెరిగింది, ఇటలీ అభిమానుల్లో 27 శాతం పడిపోయింది. పరీక్షించింది కొద్దిమందినే కాబట్టి అంకెల కంటే దిశ ముఖ్యం. కుర్చీలోంచి కదలనివాడి ఒళ్లు కూడా తానే ఆడినట్టు స్పందించింది. 2006లో జర్మనీలో ప్రపంచ కప్పు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయని వైద్యులు లెక్కగట్టారు. ముందే గుండె జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. బీపీ మాత్రలు వాడే నాన్నలు, మామలు ఫైనల్ రాత్రి మాత్ర మర్చిపోకుండా చూడటం కూడా అభిమానులున్న ఇంటి బాధ్యతే.

కష్టం వేసిన ముడి

జట్టు మనలో భాగం ఎలా అవుతుంది? మొదటి అడుగుకు దాదాపు ఏమీ అక్కర్లేదు. హెన్రీ తాజ్‌ఫెల్ 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో బ్రిస్టల్ బడిపిల్లలకు పాల్ క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నచ్చినదాన్ని బట్టి రెండు గుంపులు చేశామని చెప్పారు. నిజానికి ఆ విభజన ఇష్టం వచ్చినట్టు చేసింది. తన గుంపులో ఎవరున్నారో ఏ పిల్లవాడికీ తెలియదు. అయినా డబ్బులు పంచమంటే తన గుంపువాళ్లకే ఎక్కువ ఇచ్చారు. విచిత్రం ఏమంటే, తన గుంపుకు కొంచెం తగ్గినా ఫరవాలేదు, ఎదుటి గుంపు మీద తేడా మాత్రం పెద్దగా ఉండాలన్న ధోరణి కనబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా చిక్కి, ఐరోపాలో మిగిలిన తన యూదు కుటుంబాన్ని పోగొట్టుకున్న తాజ్‌ఫెల్‌కు ఈ ప్రశ్న పుస్తకాల్లో దొరికింది కాదు.

గుంపు కట్టడం తేలిక. దాన్ని బిగించేది ఖర్చు. 1959లో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ కొందరు కాలేజీ అమ్మాయిలను ఒక చర్చా బృందంలో చేర్చుకున్నారు. కొందరిని ఇబ్బంది కలిగించే పరీక్ష పెట్టి చేర్చుకున్నారు, కొందరిని తేలిగ్గా చేర్చుకున్నారు. తర్వాత అందరికీ కావాలనే రూపొందించిన చప్పటి చర్చ వినిపించారు. కష్టపడి చేరినవాళ్లకే ఆ చర్చ ఎక్కువ బాగా అనిపించింది. ఇంత పడ్డాక ఇది విలువైనదే అయ్యుండాలని మనసు లెక్క సరిచేసుకుంటుంది.

బెంగళూరు అభిమానుల పద్దెనిమిదేళ్లను ఈ వెలుగులో చూస్తే అర్థమవుతుంది. 2009, 2011, 2016 ఫైనల్స్‌లో ఓటమి. 2017లో కోల్‌కతా చేతిలో 49 పరుగులకే ఆలౌట్, ఐపీఎల్ చరిత్రలోనే అత్యల్ప స్కోరు. ‘ఈ సల కప్ నమ్దే’ (ఈసారి కప్పు మనదే) అన్న కన్నడ నినాదం ఏటా ఎగతాళి పాలైంది. అభిమానం తగ్గడానికి ఇన్ని కారణాలుండగా అది చిక్కబడింది. ఒక్కో ఎగతాళీ ఒక్కో వాయిదా చెల్లించినట్టయింది. 2024 మార్చిలో ఆ సంస్థకు తొలి కప్పు తెచ్చింది మహిళల జట్టు. మగవాళ్ల కప్పు కోసం ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చింది. అంత ఖర్చు పెట్టినవాడి పక్కన నిన్న చొక్కా కొన్నవాడు కూర్చుని అదే కేక వేస్తే ఒళ్లు మండటం సహజం. టీ కొట్టు ఎత్తిపొడుపు పుట్టేది ఆ మంటలోంచే.

జట్టంటే ఏది?

నిబద్ధత అంటున్నాం సరే, దేనికి నిబద్ధత? హైదరాబాద్ అభిమానికి ఈ ప్రశ్న ఊహాగానం కాదు. 2008లో అట్టడుగున నిలిచి, మరుసటి ఏడాదే కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్‌ను 2012లో బీసీసీఐ రద్దు చేసింది. సన్ టీవీ సంస్థ కొత్త జట్టు కొనుక్కుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టింది. యజమాని మారాడు, పేరు మారింది, రంగు మారింది, ఆటగాళ్లలో చాలామంది మారారు. అయినా చాలామంది 2009 కప్పును, 2016 కప్పును ఒకే ఖాతాలో కలిపి ‘మనకు రెండు’ అంటారు. నిలిచింది ఊరి పేరు ఒక్కటే. ఆదోనివాడికైతే అదీ తన ఊరి పేరు కాదు.

ఆటగాడిని నమ్ముకున్నా అంతే. 2016 కప్పు అందించిన డేవిడ్ వార్నర్ తెలుగు పాటలకు చిందులేసి ఇంటింటి బంధువయ్యాడు. 2021 సీజన్ మధ్యలో ఆయన నుంచి నాయకత్వం తీసేశారు, తర్వాత తుది జట్టులోంచీ తప్పించారు. 2022లో ఆయన ఢిల్లీకి వెళ్లాడు. ఆయన వెంట వెళ్లినవాళ్లున్నారు, ఉండిపోయినవాళ్లున్నారు. ఇద్దరిలో ఎవరు నిబద్ధులు? ఒకరు మనిషికి, ఒకరు గుర్తుకు. ఉండిపోయినవాళ్లు 2023లో జట్టు పదో స్థానంలో, అంటే అట్టడుగున నిలవడం చూశారు. 2024లో అదే జట్టు బెంగళూరులో బెంగళూరు మీదే 287 పరుగులు కొట్టి, ఫైనల్ దాకా వెళ్లి, చెన్నైలో కోల్‌కతా ముందు 113కే కూలిపోవడం కూడా చూశారు.

తత్వవేత్త నికొలస్ డిక్సన్ 2001లో ఈ చిక్కును చర్చించారు. ఒకడు ఎవరు బాగా ఆడితే వాళ్లను మెచ్చుకుంటాడు. ఇంకొకడు తన జట్టునే పట్టుకుంటాడు. మొదటివాడిది చులకన చేయాల్సిన వైఖరి కాదు. సంక్రాంతి రోజుల్లో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు వెళ్లి బండలాగుడు పోటీల దగ్గర నిలబడితే అలాంటి చూపరులు వందల్లో కనిపిస్తారు. ఏ ఊరి ఎద్దుల జత అయినా సరే, బండను ఎక్కువ దూరం లాగితే ఈలలే. పశువు తెలిసినవాడు పశువునే చూస్తాడు. డిక్సన్ మాత్రం తన జట్టును అంటిపెట్టుకునేవాడి వైపు మొగ్గారు. ఇంతకంటే మెరుగైనవాళ్లు కనబడ్డారని ప్రేమించినవాళ్లను వదలం కదా అన్నది ఆయన వాదన. ఒక షరతు కూడా పెట్టారు: జట్టు తప్పుడు దారి పడితే వదలవచ్చు, వదలాలి కూడా. బెట్టింగ్ వ్యవహారంలో చెన్నై, రాజస్థాన్ జట్లను 2016, 2017 సీజన్లకు నిషేధించినప్పుడు ఆ జట్ల అభిమానుల ముందు నిలిచిన ప్రశ్న ఇదే. ఓడినందుకు వదలడం, తప్పు చేసినందుకు నిలదీయడం రెండూ ఒకటి కావు. రెండోది చేయలేని అభిమానం నిబద్ధతగా కనిపించే మూర్ఖత్వం.

కర్రలు లేచే రాత్రి

గుంపు మీద ప్రేమ ఎదుటి గుంపు మీద ద్వేషం లేకుండా ఉంటుందా? ఈ ప్రశ్నకు ఆదోనివాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి అర్ధరాత్రి మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల వాళ్లు ఒక వైపు నిలిచి ఉత్సవ విగ్రహాలను కాపాడుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని దక్కించుకోవాలని చూస్తారు. దివిటీల వెలుగులో వేల కర్రలు లేస్తాయి. పోలీసులు ఎంత కట్టడి చేసినా ఏటా తలలు పగులుతాయి, కొన్నేళ్లు ప్రాణాలూ పోయాయి. ఇక్కడ గాలివాటం అభిమాని ఉండడు. ఏ వైపు అన్నది పుట్టిన ఊరు నిర్ణయిస్తుంది, ఓడిన ఏడాది వైపు మార్చుకునే మాటే లేదు. మార్పులేని నిబద్ధత కావాలంటే ఇదే. దాని వెల కూడా కళ్లముందే ఉంది.

అదే ఉత్సవంలో ఒక ఆనవాయితీ చూడండి. కొండకు బయల్దేరే ముందు గ్రామస్థులు పాలబాస చేస్తారు. పాత కక్షలు మనసులో పెట్టుకోకుండా ఉత్సవం జరుపుకుంటామని పాల సాక్షిగా మాట ఇచ్చుకోవడం అది. కర్ర ఎత్తేముందే, మనమంతా ఒకే దేవుడి జనం అన్న పెద్ద గుంపును గుర్తుచేసుకుంటున్నారు.

మార్క్ లెవీన్ బృందం 2005లో ఇంగ్లండులో ప్రచురించిన ప్రయోగం ఈ ఊహకు బలమిచ్చింది. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులను పిలిచి, వాళ్ల జట్టు గురించి కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయించారు. తర్వాత వాళ్లు నడిచి వెళ్తుంటే ఎదురుగా ఒకడు జారిపడి కాలు పట్టుకుని మూలిగాడు. అది ముందే అనుకున్న నటన. పడినవాడు మాంచెస్టర్ చొక్కా వేసుకుంటే దాదాపు అందరూ ఆగి సాయం చేశారు. ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కా అయితే ఎక్కువమంది దాటిపోయారు. రెండో ప్రయోగంలో ఒక్క మార్పు చేశారు. జట్టు గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటం గురించి రాయించారు. అప్పుడు లివర్‌పూల్ చొక్కావాడికీ చేతులు అందాయి. ఏ చొక్కా లేనివాడు మాత్రం ఇంకా కిందే ఉన్నాడు. గీత చెరగలేదు, జరిగింది.

గెలుపు రోజు గుంపుకు ఇంకో ప్రమాదం ఉంది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట విజయోత్సవానికి చేరిన జనంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. వాళ్లలో పాత అభిమాని ఎవరు, కొత్త అభిమాని ఎవరు అని వెతకడం అమానుషం. చదరపు మీటరుకు ఆరేడుగురు దాటితే గుంపులో ఎవరి కదలిక వాళ్ల చేతిలో ఉండదు, ఒత్తిడి అలలుగా పాకి ఊపిరి అందకుండా చేస్తుంది. గెలిచిన రోజు వచ్చే జనం రోజూ వచ్చే జనం కంటే ఎక్కువని చాల్దీని యాభై ఏళ్ల కిందటే చెప్పినట్టే లెక్క. ఉత్సవాలు ఏర్పాటు చేసేవాళ్లు ఆ లెక్కను గుర్తుంచుకుని గేట్లు, దారులు సిద్ధం చేయాలి.

ఏడు ప్రశ్నలు, ఒక ఎనిమిదోది

అభిమానం లోతు కొలవడానికి వాన్, బ్రాన్స్‌కూంబ్ 1993లో ఏడు ప్రశ్నల కొలబద్ద తయారుచేశారు. జట్టు గెలవడం మీకెంత ముఖ్యం, మిమ్మల్ని మీరు ఎంత అభిమానిగా చూసుకుంటారు, స్నేహితులు మిమ్మల్ని ఎంత అభిమానిగా చూస్తారు, జట్టును ఎంత దగ్గరగా అనుసరిస్తారు, అభిమానిగా ఉండటం మీకెంత ముఖ్యం, ప్రత్యర్థులంటే మీకెంత అయిష్టం, జట్టు పేరును ఎంత తరచుగా ప్రదర్శిస్తారు. ప్రపంచమంతా వాడుతున్న కొలబద్ద ఇది. అయినా ఆరో ప్రశ్న దగ్గర ఆగాలి. ప్రత్యర్థి మీద అయిష్టం అభిమానానికి తోడుగా వస్తుందని లెక్కలు చెబుతాయి, కాదనలేం. కానీ దేవరగట్టు పాలబాస, మాంచెస్టర్ ప్రయోగం రెండూ చూశాక, ఆ ఒక్క ప్రశ్నకు సున్నా వేసుకుని మిగతా ఆరింటికీ పూర్తి మార్కులు వేసుకోగలవాడే మెరుగైన అభిమాని అనిపిస్తుంది.

ఏడింటికి నేనొక ఎనిమిదో ప్రశ్న కలుపుతాను. ఎవరూ చూడని మ్యాచ్‌ను మీరు చూస్తారా? 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాపై 52 పరుగులతో గెలిచి భారత మహిళలు తొలిసారి ప్రపంచ కప్పు అందుకున్నారు. 2005లో, 2017లో ఫైనల్ దాకా వెళ్లి ఓడినప్పుడు లేనంత జనం ఆ రాత్రి టీవీల ముందు చేరారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది కాబట్టి రాయలసీమకు సంబరం రెట్టింపు. అప్పుడే వచ్చినవాళ్లను గాలివాటమని వెక్కిరించడం ఆటకు నష్టం. మహిళల క్రికెట్‌కు ఇన్నాళ్లూ లేనిదే ఆ గాలి. అది తెచ్చిన జనంలో నూటికి పదిమంది మిగిలినా, ఆదోనిలో బంతి పట్టుకున్న తర్వాతి అమ్మాయికి మైదానం, శిక్షకురాలు, చూసేవాళ్లు దొరుకుతారు.

ఆ పదిమందిలో ఉన్నామో లేదో తేల్చుకోవడానికి దగ్గరి దారి ఉంది. 2025 ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో తుంగభద్ర వారియర్స్ అనే జట్టు ఆడింది. ఐపీఎల్‌లో దొరకని చిరునామా అక్కడ దొరికింది. ఎమ్మిగనూరుకు దగ్గర్లోనే, మంత్రాలయం మెట్లు తడుపుతూ పారే నది పేరు అది. దాని స్కోరు ఎవరైనా అడిగి తెలుసుకున్నారా? ఆంధ్ర మహిళల జట్టు దేశవాళీ మ్యాచ్‌ల ఫలితాలు పేపరులో ఏ మూలన ఉన్నాయో వెతికారా? ఇక్కడ ఫ్లెక్సీలు లేవు, రీల్స్ లేవు, పంచుకోవడానికి పెద్ద కీర్తీ లేదు. ఆ వెతికేవాడు బెంగళూరు చొక్కా వేసుకున్నా, హైదరాబాద్ చొక్కా వేసుకున్నా, మొన్ననే మార్చుకున్నా, అతన్ని గాలివాటం అనే హక్కు టీ కొట్టు దగ్గర ఎవరికీ ఉండదు.